గోడ మీద కొలువు

నా ఉద్యోగం గోడ మీద. పోలీసు ఉద్యోగం స్టేషన్లో, పంతులు ఉద్యోగం బడిలో ఎలాగో, నాది గోడ మీద. నవ్వేవాళ్ళు నవ్వుకోండి, నాకేం నామోషీ లేదు. నియామక పత్రంలో 'క్షేత్ర సరిహద్దు పరిశీలకుడు' అని శుభ్రంగా అచ్చు వేసి, కింద గుండ్రటి ముద్ర కూడా కొట్టి ఇచ్చారు. తొమ్మిది నెలలు ఆ గోడెక్కి నేను రాసిన నివేదికల ఆధారంగానే మా సంస్థ ఒక గొప్ప సత్యాన్ని కనిపెట్టింది. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పాల్సిన బాధ్యత నా నెత్తిన పడింది.

మాది గ్రామీణ జీవన మార్పుల అధ్యయన సంస్థ. పేదవాళ్ళకి గొర్రెలూ, శిక్షణలూ, సలహాలూ ఇచ్చీ ఇచ్చీ అలిసిపోయిన పెద్దలకి ఒకరోజు, డబ్బే నేరుగా చేతికిస్తే పోలేదా అని బుద్ధి పుట్టింది. మంచి బుద్ధే. కాని డబ్బిస్తే బాగుపడతారని ఎవరో చెబితే నమ్మేయడానికి మాది అల్లాటప్పా సంస్థ కాదు. రుజువు కావాలి. దానికొక పద్ధతి ఉంది. ఒక ఇంటికి డబ్బివ్వాలి. అచ్చం అలాంటిదే ఇంకో ఇంటికి ఇవ్వకూడదు. ఏడాది తిరిగాక రెండిళ్ళనీ పక్కపక్కన పెట్టి కొలవాలి. మధ్యలో తేడా ఎంత వస్తే డబ్బు మహిమ అంత. ఇచ్చిన ఇంటిని లబ్ధి కుటుంబం అంటాం, ఇవ్వని ఇంటిని పోలిక కుటుంబం అంటాం. పోలిక కుటుంబం చెయ్యాల్సిందల్లా ఎలా ఉన్నవాళ్ళు అలా ఉండటం. ఏడాది అలా ఓపిగ్గా పేదగా ఉంటే, ఆ తర్వాత వాళ్ళకీ, జిల్లాలో మిగతా వాళ్ళందరికీ డబ్బిస్తామని మాట.

గుంటిమడుగు అనే ఊళ్ళో అచ్చం ఒకేలా ఉండే రెండు ఇళ్ళని మా కంప్యూటరు ఇట్టే పట్టేసింది. ఒకేలా ఎందుకుండవు? అన్నదమ్ములు. ఒకటే పెంకుటిల్లు, రెండు సగాలు. వాకిలి మధ్య మోకాలెత్తు మట్టిగోడ. అన్న ఐలయ్య, అతని భార్య రాజవ్వ ఇటు. తమ్ముడు సమ్మయ్య, అతని భార్య స్వరూప అటు. చీటీ తీస్తే డబ్బు రాజవ్వ వైపు పడింది.

పడ్డాక ఏమైందో మా రికార్డుల్లో ఉంది. రాజవ్వ ఒక పాడిబర్రెను కొన్నది. ఐలయ్య ప్రతి ఎండాకాలం పట్నం పోయి సిమెంటు తట్టలు మోసేవాడు, ఆ ఏడు పోలేదు. ఇంట్లోనే ఉండి బర్రెకు గడ్డి కోసుకొచ్చాడు. ఇంటి కప్పులో నాలుగు పెంకులు మార్చారు. ఒకరోజు రాజవ్వకి జ్వరం వస్తే కూలికి పోకుండా పడుకుంది. దాని గురించి మా సర్వేవాళ్ళు అడిగితే ఆవిడ మొహం వెలిగిపోయిందట.

"పదిహేనేండ్ల సంది జరమస్తె పండుకోలె సారూ! పొద్దెక్కేదాంక పండుకున్న. ఎంత మంచిగుందో!"

మావాళ్ళు ఆ మాటని 'నష్టపోయిన పనిదినాలు: ఒకటి' అని రాసుకున్నారు.

అంతా సవ్యంగా సాగుతుండగా ఒక గిన్నె బయటపడింది. ఆ వాకిట్లో ఒక అలవాటుంది. ఇటు కూర వండితే ఒక గిన్నెడు గోడ మీదుగా అటు పోతుంది. అటునుంచి గిన్నె ఉత్తగా రాదు. పిడికెడు పుంటికూరో, నాలుగు పచ్చిమిరపకాయలో, ఏమీ లేకపోతే చిన్న బెల్లం ముక్కో వేసుకుని వస్తుంది. గిన్నె ఉత్తగా తిప్పి పంపడమంటే వాళ్ళకి మొహం మీద తలుపేసినంత పని. ఈ సంగతి సర్వేలో తేలేసరికి మా సంచాలకులు డాక్టర్ విభాకర్ గారు అత్యవసర సమావేశం పిలిచారు.

"మిత్రులారా! ఇది గిన్నె కాదు, రంధ్రం," అన్నారాయన. "లబ్ధి కుటుంబంలో మనం పోస్తున్న ప్రయోజనం ఈ రంధ్రం గుండా పోలిక కుటుంబంలోకి కారిపోతోంది. దీన్ని శాస్త్రంలో లబ్ధిస్రావం అంటారు. స్రావం జరిగితే తేడా రాదు. తేడా రాకపోతే నివేదిక లేదు. నివేదిక లేకపోతే మనమంతా ఎందుకున్నట్టు?"



నెల తిరక్కుండా మట్టిగోడ పోయి ఎనిమిదడుగుల ఇటుక గోడ లేచింది. దాని ఖర్చుతో ఇంకో మూడు బర్రెలు వచ్చేవని ఊళ్ళో అనుకున్నారు గాని, పరిశోధన విలువ వాళ్ళకేం తెలుస్తుంది? వీధి వైపు రెండు గుమ్మాలకీ రెండు కెమెరాలు పెట్టారు. ఒకరింట్లోకి ఒకరు అడుగు పెట్టకూడదు, మంచినీళ్ళు కూడా ఇచ్చిపుచ్చుకోకూడదు. స్రావం రుజువైతే బర్రెను స్వాధీనం చేసుకుంటారు, జిల్లా మొత్తానికి పథకం ఆగిపోతుంది. నిబంధన పద్నాలుగు. గోడకి కూడా కెమెరా పెడదామనుకున్నారు గాని కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు కదా. అందుకని మనిషిని పెట్టారు. ఆ మనిషిని నేను.

గోడ మీద చెక్కలతో ఒక మంచె కట్టించారు. ఎక్కడానికి నిచ్చెన, నీడకి గొడుగు, రాయడానికి దస్త్రం. ఊళ్ళో పిల్లాజెల్లా అంతా చూడ్డానికి వచ్చారు. "జొన్నచేను ఏడున్నది సారూ, పిట్టలు గొడుతున్నవా?" అని ఒక ముసలాయన పరామర్శించి పోయాడు. మొదటిరోజే రాజవ్వ చాయ్ పట్టుకొచ్చింది.

"పాలు నాకు పడవమ్మా," అన్నాను. "తాగితే కడుపు డప్పవుతుంది. ఉంటే డికాక్షన్ ఇవ్వండి."

"అట్లనా?" అని నావైపు ఒకసారి ఎగాదిగా చూసి వెళ్ళిపోయింది.

గోడెక్కినవాడికి ఒక ఇబ్బంది ఉంది. రెండువైపులా కనబడుతుంది. రెండువైపులా వినబడుతుంది కూడా. రెండోరోజు ఆశా వర్కరు వచ్చి స్వరూపతో మాట్లాడటం విన్నాను. స్వరూపకి మూడో నెల. ఇంతకుముందు రెండుసార్లు నిలవలేదు. రెండుసార్లూ సమ్మయ్య పట్నంలో సిమెంటు పనిలోనే ఉన్నాడు.

"రక్తం ఏడే ఉన్నది స్వరూపా. పాలు దాగు, గుడ్డు తిను. ఈసారన్న బిడ్డ నిలవాల్నంటె ఒంట్ల సత్తువ ఉండాలె."

"పాలు యాడికెళ్ళి తెద్దునక్కా?" అంది స్వరూప.

గోడకి ఇవతల బర్రె 'అంబా' అంది. చెబితే నమ్మరు, సరిగ్గా అప్పుడే అంది. నేను కొత్త ఉద్యోగిని, పద్ధతి ప్రకారం పోవాలనుకుని ఆఫీసుకి ఒక లేఖ రాశాను. పోలిక కుటుంబంలో గర్భిణి ఉన్నది, రక్తహీనత ఉన్నది, పక్కింటి పాలు మానవతా దృష్టితో అనుమతించగలరా అని. వారం లోపే జవాబొచ్చింది. మా ఆఫీసు అంత త్వరగా జవాబివ్వడం అదే మొదలు.

'పోలిక కుటుంబ గర్భిణి యొక్క రక్తహీనత ప్రస్తుత అధ్యయనమునకు మిక్కిలి విలువైన కొలమానము. సదరు రక్తహీనతను యథాతథముగా సంరక్షించవలసినదిగా ఆదేశించడమైనది.'

ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. నిజం చెప్పొద్దూ, చించి పారేయాలనిపించింది గాని ఉద్యోగం అప్పుడే దొరికింది.

మర్నాడు పొద్దున్నే రాజవ్వ నిచ్చెన దగ్గర నిలబడి ఒక చెంబు పైకి అందించింది. నిండా పాలు. పైన నురగ ఇంకా చావలేదు.

"తాగు సారూ."

"ఇంతా? లీటరుంటుంది కదమ్మా! నాకు పాలు పడవని చెప్పాను..."

"చెప్పినవ్ తియ్. యాదికున్నది," అని వెనక్కి తిరిగి చూడకుండా వెళ్ళిపోయింది.

ఇంటివాళ్ళు ఇచ్చింది పారబోయడం మర్యాద కాదు. తాగడం నా చేతకాదు. మంచె మీద ఇటు దస్త్రం ఉంది, చోటు లేదు. అందుకని చెంబుని అటు అంచున పెట్టి రాతలో పడ్డాను. కాసేపటికి చూద్దును కదా, చెంబు లేదు. గోడ పక్క అరుగు మీదినుంచి ఒక గాజుల చెయ్యి దాన్ని దించుకుపోవడం నేను చూశానా అంటే, దస్త్రంలో తల పెట్టినవాడికి ఏం కనబడుతుంది? గంటకి చెంబు ఉన్నచోటికి తిరిగొచ్చింది. అందులో పిడికెడు పుంటికూర ఉంది.

గబగబా నిబంధనల పుస్తకం తిరగేశాను. 'రెండు కుటుంబముల మధ్య' ఇచ్చిపుచ్చుకోవడాలు నిషిద్ధం. బాగానే ఉంది. నేను కుటుంబాన్ని కాదు, నాకింకా పెళ్ళే కాలేదు. లబ్ధి కుటుంబం నాకు పాలిచ్చింది, అది అతిథి మర్యాద. నేను పెట్టినచోట మర్చిపోయాను, అది మతిమరుపు. మతిమరుపు మీద ఏ నిబంధనా లేదు. ఆ సాయంత్రం రాసుకున్నాను: 'పరిశీలకుడు స్వీకరించిన పాలు: ఒక లీటరు. లబ్ధిస్రావం: సున్నా.'

ఆ తర్వాత రోజూ అదే వరస. నేను రోజూ మర్చిపోయేవాణ్ణి. ఒకరోజు ఉండబట్టలేక రాజవ్వని అడిగాను.

"నిజం చెప్పండి, ఆ పాలు నాకోసమేనా?"

"మరెవలికి సారూ? నీకే. నువ్వు ఏడ వెట్టుకుంటవో, ఏం జేస్కుంటవో మాకెందుకు?" అని నవ్వింది. వెంటనే ఆ నవ్వు ఆగిపోయింది. "రెండుసార్లు ఈ చేతులతోనే ఊరవతల పెట్టొచ్చిన సారూ. మూడోసారి నాతోని గాదు."



సంస్థ మాత్రం ఊరుకుంటుందా? నెలకో కొత్త ఉత్తర్వు. గాలి పడమటి నుంచి వీచే రోజుల్లో రాజవ్వ తాలింపు వెయ్యకూడదు, ఎందుకంటే వాసన ఆకలిని పెంచుతుంది, పెరిగిన ఆకలి కొలతల్ని పాడుచేస్తుంది. బర్రె పేడ గోడవారన వెయ్యకూడదు, ఎందుకంటే సారం మట్టిలోంచి అటు దిగి అవతలి బీరపాదుకి అందుతోంది. రాజవ్వ గట్టిగా నవ్వకూడదన్న ప్రతిపాదన కూడా వచ్చింది గాని, నవ్వుని కొలిచే పరికరానికి టెండరు ఖరారు కాక ఆగిపోయింది.

స్వరూపకి ఏడో నెలలో డాక్టర్ విభాకర్ గారు స్వయంగా తనిఖీకి వచ్చారు. నిచ్చెన ఎక్కి నా పక్కన మంచె మీద కూర్చున్నారు. చెక్కలు కిర్రుమన్నాయి. ఆయన దస్త్రం తిరగేసి, కళ్ళజోడు పైకి తోసి, నా మెడ ఎముకలవైపు చూశారు.

"నాలుగు నెలలుగా రోజుకి లీటరు పాలు. ఈపాటికి మీరు పహిల్వాన్ అయి ఉండాలి. ఈ శరీరంలో ఆ పాలు ఎక్కడా కనబడటం లేదేం?"

"మా వంశమే అంతండీ. ఎంత తిన్నా ఒంటికి పట్టదు."

"శాస్త్రంలో వంశం ఉండదు, గమనిక మాత్రమే ఉంటుంది. ఏదీ, నా ఎదుట సేవించండి."

సరిగ్గా అప్పుడే రాజవ్వ చెంబుతో నిచ్చెన దగ్గరికి వచ్చి ఉంది. ఆవిడ మొహం పాలిపోయింది. అవతల స్వరూప గోడకి ఆనుకుని కడుపు మీద చెయ్యి పెట్టుకుని నిలబడిపోయింది. నేను తాగకపోతే బర్రె సాయంత్రానికి లారీ ఎక్కుతుంది. కళ్ళు మూసుకుని చెంబు ఎత్తాను. మొదటి పావు బాగానే దిగింది. సగానికి వచ్చేసరికి కడుపులో ఎవరో బల్లలు జరుపుతున్నట్టయింది. చివరి గుక్క ఎలా మింగానో ఆ పైవాడికే తెలియాలి. ఖాళీ చెంబు బోర్లించి చూపించాను.

"సంతృప్తికరం," అన్నారు డాక్టర్ గారు.

ఆ మధ్యాహ్నం నేను నిచ్చెన ఏడుసార్లు దిగాను, ఏడుసార్లు చెరువుగట్టు వైపు పరిగెత్తాను. అవతలినుంచి స్వరూప, "సారూ, జీలకర్ర నీళ్ళు కాసియ్యాల్నా?" అని అరిస్తే, అది ప్రతిస్రావం అవుతుందని డాక్టర్ గారు ఆపించారు. పోతూ పోతూ నా సేవా పుస్తకంలో 'పరిశీలకుడు క్షేత్రమంతటా చురుకుగా సంచరించుచున్నారు' అని మెచ్చుకోలు రాసి పోయారు.

చలికాలం మధ్యలో స్వరూపకి సర్కారు దవాఖానాలో ఆడపిల్ల పుట్టింది. బరువు మూడు కిలోలు. సమ్మయ్య పరిగెత్తుకుంటూ వచ్చి వీధిలోంచి, "సారూ, ఏడ్సింది! నా బిడ్డ కేర్ మని ఏడ్సింది!" అని కేకేశాడు. నేను మంచె మీద కూర్చునే ఏడ్చాను. వాళ్ళు నాకేమవుతారు? ఏమీ కారు. అయినా గొడుగు అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చాను.

రాజవ్వ మాత్రం ఆ బిడ్డని ఎత్తుకోలేదు. ఎత్తుకోనివ్వలేదు. పెద్దమ్మ ముద్దు 'అమూర్త లబ్ధి' కిందికి వస్తుందనీ, బిడ్డ సంపూర్ణంగా పోలిక కుటుంబానికి చెందిన ఆస్తి అనీ ఆఫీసు నుంచి వర్తమానం వచ్చింది. రాజవ్వ రోజూ పొద్దున గోడ దగ్గర నిలబడి అవతలి ఏడుపు వింటూ, "ఇయ్యాల గొంతు జెర గట్టిగున్నది గదా సారూ?" అని నన్నడిగేది.

ఏడాది ముగిసింది. తుది కొలతలు తీశారు. మర్నాడే పట్నంలో పెద్ద సభ. తెర మీద రెండు గీతలు వేశారు, రెండూ ఒకదాని మీద ఒకటి పడుకున్నాయి. రాజవ్వ రక్తం పదకొండు, స్వరూప రక్తం పదకొండు.

"నగదు అందిన కుటుంబం బాగుపడింది. అందని కుటుంబమూ అంతే బాగుపడింది," అన్నారు డాక్టర్ విభాకర్ గారు. "తేడా సున్నా. కావున నగదు ప్రభావం సున్నా. జిల్లాకి ఈ పథకం అనవసరమని సిఫార్సు చేస్తున్నాం."

బర్రె పోకూడదని నేను రాసిన సున్నాలు స్వరూప డబ్బునీ, జిల్లా డబ్బునీ మింగేస్తున్నాయి. అధ్యయనం అయిపోయింది కాబట్టి ఇక బర్రెను ఎవరూ తోలుకుపోలేరు. లేచి నిలబడ్డాను.

"సార్, పాలు దాటాయి! రోజూ దాటాయి. నా చేతి మీదుగానే దాటాయి. వాళ్ళు బాగుపడింది ఆ డబ్బుతోనే సార్, రెండిళ్ళూ ఆ ఒక్క బర్రెతోనే!"

డాక్టర్ గారికి కోపం రాలేదు. జాలిగా చూశారు.

"మీ దస్త్రంలో ప్రతి రోజూ సున్నా ఉంది. ప్రతి సున్నా కింద మీ సంతకం ఉంది."

"అబద్ధం రాశాను సార్."

"అబద్ధమనడానికి సాక్ష్యం?"

"మూడు కిలోల పిల్ల పుట్టింది కదా సార్! అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?"

"శిశువు సాక్ష్యం కాదండీ. శిశువు ఫలితం. కూర్చోండి."

కూర్చున్నాను. ముందు వరసలోంచి ఒక పెద్దమనిషి, "మరి డబ్బు వల్ల కాకపోతే రెండు కుటుంబాలూ ఎందుకు బాగుపడ్డట్టు?" అని అడిగాడు. డాక్టర్ గారు ఆ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు చిరునవ్వు నవ్వారు.

"అదే ఈ అధ్యయనంలో చారిత్రక ఘట్టం. ఈ ఏడాది కాలంలో రెండు కుటుంబాలకీ ఉమ్మడిగా, సమానంగా మన సంస్థ అందించినది ఒకే ఒక్కటి. గోడ!"

చప్పట్లు మోగాయి. చాలాసేపు మోగాయి. వచ్చే ఆర్థిక సంవత్సరం నుంచి 'ఇంటింటికీ గోడ' పథకం. అందులో ఎనిమిదడుగుల గోడల మీద తొమ్మిది నెలల అనుభవం ఉన్న మనిషిని నేనొక్కణ్ణే కాబట్టి, నన్ను జిల్లా గోడల అధికారిని చేశారు. జీతం రెట్టింపు. మొదటి విధి గుంటిమడుగు గోడను నమూనా గోడగా కాపాడటం.

ఆ ఉత్తర్వు పట్టుకుని మర్నాడు గుంటిమడుగు పోయాను. ఈసారి గోడెక్కలేదు, స్వరూప వాకిట్లోకి నడిచి వెళ్ళాను. ఆవిడ బిడ్డని ఒళ్ళో వేసుకుని కూర్చుంది. సమ్మయ్య మంచం లాగి వేశాడు.

"మా వంతు వచ్చినట్టేనా సారూ?" అంది స్వరూప. "ఏడాది ఆగుమంటిరి, ఆగినం. పైసలస్తె ఈయిన ఈసారి పట్నం పోడు. నేను ఒక్కదాన్నే ఉండలేను ఇగ."

"పైసలు రావమ్మా," అన్నాను. "డబ్బు లేకుండానే మీరు బాగుపడ్డారట. అందుకని ఎవరికీ ఇవ్వరట."

"లేకుంట ఎట్ల బాగువడ్డ? పాలు తాగలేదా నేను? అక్క ఇయ్యలేదా?"

"చెప్పాను. వినలేదు. మీరు గోడ వల్ల బాగుపడ్డారని రాసుకున్నారు."

సమ్మయ్య అయోమయంగా గోడవైపు చూశాడు. అవతలినుంచి రాజవ్వ గొంతు ఖంగుమంది. వింటూనే ఉందన్నమాట.

"ఏ గోడ సారూ? నా చెల్లెకు ఒక్కపూటన్న నా చేత్తోని పాలియ్యనియ్యని ఈ గోడనా? పిల్ల పుట్టి రెండు నెలలాయె, దాని మొకం సక్కగ జూడలే నేను! ఈ గోడనా మమ్ముల బతికిచ్చింది?"

నాకు సిగ్గేసింది. సంస్థ మీద కాదు, నా మీద నాకే ఒళ్ళు మండింది. తొమ్మిది నెలలు ఆ గోడ మీద కూర్చుని దాన్ని కాపలా కాసింది నేనే కదా.

"సమ్మయ్యా, గడ్డపార ఉందా?" అని అడిగాను.

అతను లోపలికి పోయి తెచ్చిచ్చాడు. అవతల ఐలయ్య కూడా ఇంకోటి అందుకున్నట్టున్నాడు, అటునుంచీ దెబ్బలు వినబడ్డాయి. గోడ మావాళ్ళు గట్టిగానే కట్టారు. పొద్దువాలే వేళకి మనిషి దూరేంత సందు పడింది. రాజవ్వ ఒక్క అంగలో ఇవతలికి వచ్చి, దుమ్ము కొట్టుకుపోయిన నన్ను పక్కకి నెట్టి, స్వరూప ఒళ్ళోంచి బిడ్డని ఎత్తుకుంది.